గదిని యణగు బేసు: టీకా తాత్పర్య సహితము

గదిని యణగు బేసు కనపడ దని యెంచి
పెంచి పెంచి మురిసె పిల్లవాడు;
కారులోన వినగ గాజుటద్దము లూగె,
ఫోనులోన బేసు పోయె నెటకొ!

అవతారిక: పడకగదిలో మంచమును ఒక గోడకు జరిపి, బల్లపై లాప్‌టాపు, ఇంటర్‌ఫేసు, 5 అంగుళాల మానిటర్లు రెండు అమర్చి, స్టూడియో యని పేరు పెట్టుకొన్నవాని గతిని కవి చెప్పుచున్నాడు.

టీక:

గదిని = పొడవు 10 అడుగులు, వెడల్పు 10 అడుగులు, స్లాబు ఎత్తు కూడ 10 అడుగులే యైన గదియందు. కవి ఏ గదియో చెప్పలేదు గాని, మన అపార్టుమెంట్లలో రెండవ పడకగది తరచు ఇదే కొలతకు వచ్చును.

అణగు = చచ్చు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. 10 అడుగులనగా 3.05 మీటర్లు. అందుకు రెండింతలు పొడవైన అల 56 హెర్ట్‌జ్‌ది. అది గోడలకు తగిలి వెనుదిరిగి తనతో తానే కలియుటచే గోడల చెంత ఉబ్బును, నట్టనడుమ చచ్చును. బేసు గిటారు మూడవ తీగను ఏమియు నొక్కక మీటినచో వచ్చునది 55 హెర్ట్‌జ్. మూడు కొలతలును సమానమగుటచే మూడు దిక్కుల దోషమును ఆ ఒక్క స్వరము నెత్తినే పడినది. బిల్డరు వాస్తు చూచెను గాని దీనిని చూడలేదు. బల్లను గోడకు ఆనించరాదని ఎవరో చెప్పగా పిల్లవాడు దానిని ముందుకు లాగి, కుర్చీని సరిగా గది నడుమకు తెచ్చుకొనెను.

కనపడదని యెంచి = లేదని తలచి. ఇచట "వినపడదని" యను పాఠాంతరము కలదు. అర్థము సరియే గాని యతి చెడును. శంక: స్క్రీనుపై అనలైజరులో 55 కడ గుట్ట స్పష్టముగా కనబడుచుండగా "కనపడదు" అనుట ఎట్లు పొసగును? సమాధానము: పిల్లవాడు స్క్రీనును చూడనే లేదు. చెవినే నమ్మవలెనని పెద్దలు చెప్పిరి. నట్టనడుమ కూర్చున్న చెవికంటె ఈ ఒక్క విషయమున కన్నే నయము.

పెంచి పెంచి = ఫేడరును 3 డెసిబెల్సు, మరల 3 డెసిబెల్సు పైకి తోసి. ద్విరుక్తికి వేరొక కారణము కూడ ఉన్నది. ఇంటిలో అందరును నిద్రించిన పిమ్మట, వాల్యూము తగ్గించుకొని పనిచేయుట. మెల్లని ధ్వనిలో మన చెవి కింది స్వరములను మరింత తక్కువగా వినును. ఫ్లెచర్, మన్సన్ అనువారు 1933లోనే దీనిని కొలిచి చూపిరి. అర్ధరాత్రి చాలలేదనిపించిన బేసు తెల్లవారి బిగ్గరగా పెట్టగానే మీద పడును.

పిల్లవాడు = నలుబది దాటినవాడైనను సరే.

కారులోన = ఇరుకగుటచే కింది స్వరములను తానే ఎగదోయు పేటికయందు.

ఫోనులోన = 200 హెర్ట్‌జ్‌కు దిగువ ఇంచుమించు ఏమియు పలుకని చిన్న స్పీకరునందు.

తాత్పర్యము: గది మింగినదానిని పాటలో పోసినాడు.

విశేషములు: కారులో ఎక్కువై, ఫోనులో లేకపోవుట విరోధాభాసమువలె తోచును. రెంటికిని కారణ మొక్కటే. పిల్లవాడు పెంచిన బేసులో ఉన్నది ఇంచుమించు 55 మాత్రమే. ఫోనులో బేసు వినబడవలెనన్న దాని పైమెట్లైన 220, 275, 330 వద్ద బలముండవలెను. అవి యున్నచో అడుగున లేని 55ను చెవి తనంతట తానే ఊహించుకొనును. కొంచెము సాచురేషను వేసిన అవి పుట్టును. ఫేడరును ఎంత తోసినను పుట్టవు.

హెడ్‌ఫోను వాడినచో గది దోషము పోవును గదా యందురు. పోవును, వేరొకటి వచ్చును. కళ్లజోడు కాడ దూరిన సందు చాలు, మూసిన హెడ్‌ఫోనులో బేసు కారిపోవుటకు. పిల్లవాడు మరల పెంచును. బేసును ముందే ఎక్కించి అమ్ము హెడ్‌ఫోనైతే కథ తలక్రిందులు: పాట పీలయై బయటికి వచ్చును.

కోడిగుడ్ల అట్టలను గోడకు అంటించుట బేసు విషయమున వ్యర్థము. మూలలలో దట్టముగా రాక్‌వూలు నింపినచో కొంత ఫలము. అంతకు ముందు, ఖర్చు లేనిది, కుర్చీని ఎదుటి గోడవైపు ఒక అడుగు జరుపుట. గది పొడవులో 38 శాతము వద్ద కూర్చుండుమని ఒక లెక్క ప్రచారములో ఉన్నది. మొదలుపెట్టుటకు మంచిదే, వేదవాక్యము గాదు. తరువాత, ఎరిగిన పాటనొకటి అదే కుర్చీలో విని, దాని బేసు ఎంత చిక్కినట్లు వినబడునో తన పాటను కూడ అంతే చిక్కనిచ్చుట. 1978లో వచ్చిన యమహా ఎన్‌ఎస్-10 అడుగు స్వరముల యందు బలహీనమని ఎరిగియే లోకమందలి స్టూడియోలు దానిని ఏండ్లకేండ్లు బల్లపై నుంచుకొన్నవి. దాని లోపము వారికి కంఠస్థము.

సబ్‌వూఫరు కొనుమని దుకాణదారుల వ్యాఖ్య. అదే గదిలో, అదే కుర్చీలో అది ఆ స్వరమును పిల్లవానికి మరల వినిపించదు గాని కింది ఫ్లాటువారికి వినిపించును. వారి వ్యాఖ్య వేరు. అది ముద్రణార్హము గాదు.