దుర్గం లొంగింది.. ఫ్లెక్సీ లొంగలేదు!

ఉదయగిరి దుర్గం గజపతుల నుంచి కృష్ణదేవరాయలకు చిక్కడానికి ఏడాదికి పైగా ముట్టడి పట్టింది. 1514లో లొంగింది. ఫ్లెక్సీ అలా కాదు. ప్లాస్టిక్ ఫ్లెక్సీలు బంద్ అని 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సర్కారు చెప్పింది. గడువు నవంబరు 1 అన్నారు, ఆనక 2023 జనవరి 26 అన్నారు. ఫ్లెక్సీల్లోని అన్నలు మాత్రం కరెంటు స్తంభాలు దిగలేదు. ఆత్మకూరులో సోమశిల దారేదని తలెత్తితే, బోర్డుకు అడ్డంగా పుట్టినరోజు శుభాకాంక్షలు! (వీధిలైటు వెలగకున్నా అన్న మొహమ్మీద ఫోకస్ లైటు ఆరదు.) 2024 మే 13న ముంబయి ఘాట్కోపర్‌లో గాలివానకు హోర్డింగు కూలి 17 మంది పోయారు. 40 అడుగులు దాటకూడని చోట 120 అడుగులది నిలబెట్టారు. మనవాళ్ల మీద ఆ నింద పడదు. అనుమతే అడగనప్పుడు కొలత మీరడం ఎక్కడిది?