నేను రచ్చమానును

నా మొదలుకు ఎవరూ వీపు ఆనించరు. బెండులాంటి దిమ్మలు, వాటి కొసన మొన తేలిన ముళ్లు, ఒళ్లంతా అవే. అయినా కొండజనం తగువులు తీర్చుకోవడానికి, మంచీచెడూ మాట్లాడుకోవడానికి నా నీడకే వచ్చేవాళ్లు. అందుకే రచ్చమానునయ్యాను. ఆనుకోవడానికి వీల్లేని చోటైతే పెద్దమనుషులు కునుకు తీయరని కాబోలు! నేనుండేది మారేడుమిల్లి వైపు అడవిలో. శబరి దాటితే బస్తర్; కోయవాళ్లకు ఏటికి అటూ ఇటూ చుట్టరికాలే.

నా సంగతి కాగితం మీద పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి సామర్లకోటలో కంపెనీ వైద్యుడు. ఆయన కన్నంతా మిరియాల మీద. రాజమండ్రి సర్కారు కొండల్లో అడవి మిరియపు తీగ దొరికితే సామర్లకోటలో తోటే వేయించాడు. నా కాయలనూ రుచి చూశాడు. పచ్చికాయ నారింజ తొక్కలా ఉంటుందనీ, పండిన గింజ అచ్చం మిరియమేననీ, కాకపోతే ఘాటు తక్కువనీ రాశాడు. ఘాటు తక్కువట! ఆయన పోయాక 1820లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన ‘ఫ్లోరా ఇండికా’లో నేను ఫగారా రెట్సాను. 1824లో డికండోల్ జాంథాక్సిలమ్ రెట్సాగా మార్చాడు. ఇంటిపేరు మారినా రచ్చ మాత్రం నిలిచింది.

నారింజ రుచి రావడంలో వింతేమీ లేదు. నిమ్మ, మారేడు, వెలగ, కరివేపాకు అందరం ఒకే కుటుంబం. నా ఆకును ఎండకు ఎత్తి చూడండి, సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. కాయ తొక్కలోనూ అవే: లిమొనీన్, సాబినీన్ లాంటి నూనెలు. కాయ ఎండి నోరు తెరిస్తే లోపల ఒకే ఒక్క నల్లటి గింజ నిగనిగలాడుతూ ఉంటుంది.

నూనెల మాట అందరికీ తెలిసిందే, ముక్కే చెబుతుంది. అసలు పనితనం బెరడులో ఉంది. గొడ్డలి గాటు పడితే లోపలి పసుపు బయటపడుతుంది. నత్రజనితో కట్టిన చేదు పదార్థాలు, ఆల్కలాయిడ్లు, అక్కడే చేరతాయి. 1959లో కలకత్తాలో అసీమా చటర్జీ బృందం నాలోంచి రెండింటిని వేరు చేసిన సంగతి రాసింది. రెట్సిన్, రెట్సినిన్ అని పేర్లు. భారతీయ విశ్వవిద్యాలయం నుంచి సైన్సులో డాక్టరేట్ అందుకున్న మొదటి మహిళ ఆమె. మరుసటి ఏడాది మద్రాసు నుంచి గోవిందాచారి బృందమూ నా ఆల్కలాయిడ్ల మీద పరిశోధన పత్రం వేసింది. తీరా చూస్తే రెట్సిన్ కొత్తదేమీ కాదు, ఎవోడియమిన్‌కే మరో రూపం. అది చైనా మందుల్లో వాడే ఒక పొదలో ఉందని జపాన్‌లో అసహినా అంతకు కొన్ని దశాబ్దాల ముందే తేల్చాడు. ఆ పొద కూడా మా నిమ్మ కుటుంబంలోదే. నేను దాన్ని చూసిందీ లేదు, అది నన్ను చూసిందీ లేదు. ఇద్దరం వండింది మాత్రం ఒకే వంట.

వండే తీరు చెబుతాను. ట్రిప్టోఫాన్ నుంచి ఒక సగం, ఆంత్రనిలిక్ ఆమ్లం నుంచి రెండో సగం, మధ్యలో ఒక కార్బన్ అతుకు. ఈ ఆంత్రనిలిక్ ఆమ్లంతో రకరకాలు చేయడం మా కుటుంబానికి అలవాటు. మా జాంథాక్సిలమ్ వాళ్లం అక్కడితో ఆగం. టైరోసిన్ నుంచి ఇంకో దారిన కెలెరిత్రిన్ చేస్తాం. ఆ పసుపు పదార్థం నల్లమందు గసగసాల కుటుంబపు మొక్కల్లోనూ ఉంది. ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైమును అడ్డుకుంటుందని 1990లో దానికి గొప్ప పేరొచ్చింది. తర్వాతి ప్రయోగాలు ఆ మాటను గట్టిగానే ప్రశ్నించాయి. మా దాయాదుల్లో దొరికిన నిటిడిన్, ఫగారోనిన్‌లను క్యాన్సర్ మీద కూడా పరీక్షించారు. పరీక్ష వేరు, మందు వేరు. బెరడు గీక్కుపోయి కషాయం కాచేవాళ్లు ఈ తేడా వింటే బాగుండు.

ఇంత విషం వండుకున్నా నిమ్మ జాతి సీతాకోకచిలుకల పురుగులు వచ్చి ఆకు మేస్తాయి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా పడి ఉంటాయి, పెద్దయ్యాక పచ్చబడతాయి. పుల్లతో కదిపితే తల వెనక చీలిన కొమ్ము ఒకటి బయటికి తోసి ఘాటు వాసన కొడతాయి. నా కాపలా ఎవరి మీద పనిచేసినా వీటి మీద పనిచేయదు.

కీర్తి మాత్రం దాయాదులదే. సిచువాన్ మిరియం నాలుకను జిల్లుమనిపిస్తుంది. ఆ పని సాన్షూల్ అనే పదార్థానిది, ఆల్కలాయిడ్లది కాదు. పెదవి మీద ఆ అదురు సెకనుకు సుమారు 50 సార్లని లండన్ పరిశోధకులు 2013లో కొలిచారు, అంటే మీ ఇంటి కరెంటు లెక్కే. నిమ్మ తోటలకు తెగులు తెస్తుందన్న భయంతో అమెరికా 1968 నుంచి 2005 దాకా ఆ మిరియం దిగుమతిని నిషేధించింది. చుట్టరికం అక్కడ కూడా బయటపడింది. నేపాల్‌లో టిమూర్ అనే దాయాది పచ్చడి లేనిదే ముద్ద దిగదు. చైనాలో మరో దాయాది పేరు మీద టూత్‌పేస్టే ఉంది.

నన్నూ కొంకణంలో తిర్ఫళ్ అని కానాగంతల పులుసులో వేస్తారు. ఇక్కడ మాత్రం పాడేరు, అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు ఎగబాకే మిరియాలను గిరిజన సహకార సంస్థ కొంటుంది. నా కాయకు ఆ గిరాకీ లేదు. పైగా కొంకణం వంటవాళ్లు గింజ పారేసి తొక్క ఉంచుకుంటారు, రాక్స్‌బర్గ్ మెచ్చుకున్నదేమో గింజను. ఆ తగువు మీరూ మీరూ తేల్చుకోండి. గింజను మింగి పక్క కొండ మీద వేసే పిట్టలు ఉన్నంతకాలం నాకు బేరం అక్కర్లేదు.