ఐదు కిలోల కాటా

నేను స్ప్రింగు కాటాను. కింద కొక్కెం, దానికో గుడ్డ ఉయ్యాల. ఐదు కిలోలు దాటితే నా వల్ల కాదు. మా పుట్టిల్లు గోదావరి ఆవల గడ్చిరోలి అడవులనుకోవచ్చు. 1990ల్లో అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పి, పురిటిబిడ్డల మరణాలు సగానికి పైగా తగ్గించారు. 2011లో ఆ పని దేశమంతా ఆశా కార్యకర్తలకు అప్పజెప్పారు. అట్లా నేను టేకులపల్లి మండలంలో ఒక తండాకు, అక్కడి ఆశా సంచిలోకి చేరాను.

ఊరికి ఆమె ఆశమ్మ. ఇంట్లో ఇద్దరు పిల్లలకు యాడి, అంటే అమ్మ. నేనొచ్చేసరికి చిన్నది చంటిపిల్ల. శిక్షణలో చెప్పింది మరిచిపోకముందే ఆ రాత్రే దాన్ని నాలో పడుకోబెట్టింది. ముందు ఖాళీ ఉయ్యాల తగిలించి ముల్లును సున్నాకు తిప్పడం, బిడ్డను వేశాక నన్ను కంటి ఎత్తుకు లేపడం, పిల్ల కాళ్లాడించడం ఆపేదాకా ఊపిరి బిగబట్టడం: నా మీద ఆమె నేర్చిన చదువంతా అంతే.

కాన్పు ఆస్పత్రిలో అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి పోవాలి. ఇంట్లోనే అయితే మొదటి రోజు కూడా. కాగితం మీద తేలికే. మిరపకాయ కోతల కాలంలో కూలీల ఆటో తెల్లవారకముందే వస్తుంది. బాలింతను వదిలి అత్త పోతే తలుపు తీసేదెవరు? అందుకని ఈమె ఇంకా ముందే బయల్దేరేది. కూతురికి రాత్రే జడ వేసి పడుకోబెట్టేది. పొద్దున ఆ జడ రేగి పిచ్చుకగూడై ఉండేది. బడిలో ఎవరైనా నవ్వితే పిల్ల ఇంటికొచ్చి అలిగేది. తల్లి బుజ్జగించేదే గానీ, మర్నాడు మాత్రం ఆగేది కాదు.

ఒకింట్లో ముసలామె అడ్డం నిలబడింది. "పసిదాన్ని కాటా పెడతారే? ఇదేమన్నా పత్తా? దిష్టి తగిలి తరిగిపోద్ది."

"నా బిడ్డనూ దీంట్లోనే తూసిన అవ్వా. అగో, మేక ఎనక ఉరుకుతుంది సూడు. తరిగిందా?"

అవ్వ చూసింది. మేకే అలిసిపోయేట్టుంది. మనవరాలిని ఇచ్చింది. నా ముల్లు రెండు కిలోల దగ్గరికైనా రాలేదు. ఆశమ్మ ముఖం మార్చలేదు. తల్లి రొమ్ముకు ఆనించి పిల్లను కప్పించి, 108కి ఫోన్ చేసి, కొత్తగూడెం ఆస్పత్రి దాకా తనూ ఎక్కింది. ఇంట్లో పొయ్యి అత్తగారే వెలిగించుకుంది. ఆ సంగతి ఆవిడ ఏడాది పొడుగునా దెప్పింది.

వానాకాలమంతా మలేరియా రక్తపరీక్షలు, దోమతెరలు. 2021లో ఇంటింటా జ్వరం సర్వే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల పైచిలుకు ఆశాలను గౌరవించింది. ఇక్కడ మాత్రం లెక్క మారలేదు: జీతం కాదు, పారితోషికం. 18,000 రూపాయల స్థిర వేతనం కోసం ధర్నాలకు ఆమె కూడా పోయింది. ఎర్ర జెండా కర్ర పక్కనే సంచిలో నేను. నన్నడిగితే, ఆ పారితోషికం తూకం తెలియని లెక్క.

నిరుడు ఆమె పోయింది. దినాలకు వచ్చినవాళ్లు పూలు, దండలంటూ కూర్చోలేదు. ఎవరి బిడ్డ ఎంత తూగిందో చెప్పుకున్నారు. అప్పుడు అడ్డుపడ్డ అవ్వ అయితే మనవరాలిని ముందుకు తోసి, "రెండు కిలోలు లేకుండె" అని అందరికీ చూపించింది.

కొత్త ఆశా దగ్గర అంకెలు వెలిగే మిషన్ ఉంది. తండా ఆడవాళ్లకు దాని మీద ఇంకా గురి కుదరలేదు. మొన్న ఒక బాలింత తల్లి వచ్చి ఆశమ్మ కాటా కావాలంది. ఆశమ్మ చిన్నకూతురు ఇప్పుడు పదో తరగతి. "స్ప్రింగు సాగింది అత్తా, వంద గ్రాములు ఎక్కువ చూపిస్తది" అని ఉన్నమాట చెప్పింది. అయినా తీసుకుపోయారు. వంద తీసేసి రాసుకోమని వెనకనుంచి కేకేసింది.