తాతగారి అణాతో లక్షాధికారి కావడం ఎలా?

ముందుగా మీ నాణేనికి ఒక యుద్ధం తగిలించాలి. ఉన్నది బొబ్బిలిలో కాబట్టి దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. అటక మీది ట్రంకుపెట్టెలో ఏ బిళ్ళ దొరికినా ‘1757లో తాండ్ర పాపారాయుడి మొలలో ఉన్నది’ అనేయండి. దాని మీద 1835 అని ఉందా? ఉండనివ్వండి. కంపెనీవారు తమ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి అని నాలుగో విలియం బొమ్మ వేసింది ఆ ఏడాదే. అప్పటికి కోట పడిపోయి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఈ లెక్క ఎవరు కడతారు?

నిజంగా ఈ ప్రాంతపు నాణెమే దొరికితే మాత్రం దాచేయండి. 1794, 1797 సంవత్సరాలు వేసి, బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో కొట్టి, ఉత్తర సర్కారుల కోసం ఓడకెక్కించిన రాగి నాణేలున్నాయి. రూపాయికి 48 అని ఇంగ్లీషులో దాని మీదే రాసి ఉంటుంది, చిన్నదైతే 96. ధర నాణెమే చెప్పేస్తుంటే ఇక మీరు కథేం చెబుతారు?

తర్వాత తోమాలి. చింతపండు, కాస్త ఉప్పు, కొబ్బరిపీచు. రాజుగారి ముక్కు అరిగేదాకా వదలొద్దు. మనం మడ్డి అనుకునే ఆ నల్లపొరను సేకర్తలు ‘టోనింగ్’ అని మురిసిపోతారు. తళతళలాడే మీ నాణేన్ని భూతద్దం కింద పెట్టి ‘క్లీన్డ్’ అని ఒక్క మాటంటారు. ధరలో సగం అక్కడే పోయిందన్నమాట. మీరు మెరుపును పొగిడారనుకుని నవ్వండి.

వ్యాపారి భాష కూడా కాస్త పట్టుబడాలి. మీకు అమ్మేటప్పుడు అది ‘యూఎన్‌సీ’, అంటే చేతులు మారని సరుకు. అదే మీరు తిరిగి అమ్మబోతే ‘ఏటి బాబూ, ఇది రన్నింగ్ ఐటమ్, బస్తాలకొద్దీ ఉన్నాయి’. పేరు పక్కన మూడు ‘ఆర్’లు కనిపిస్తే రాజమౌళి సినిమా కాదు, మహా అరుదని. ముందు కొట్టిన నాణెం అచ్చులో ఇరుక్కుని, తర్వాతి బిళ్ళ మీద దాని బొమ్మే తిరగబడి గుంటగా పడితే అది ‘లాఖీ’. 1911 నాటి అయిదో జార్జి వెండి రూపాయి ‘పందిరూపాయి’: రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవైతే మరుసటి ఏడు తొండం సరిచేశారు. ఇన్ని పేర్లూ నేర్చుకుని కంసాలి దగ్గరికి వెళ్ళండి. ఆయన పదకొండున్నర గ్రాముల చిల్లర తూచి, వెండి ధర కట్టి, పేరేమిటని కూడా అడగడు.

అందుకే తెలివైనవాళ్ళు ‘రైస్ పుల్లింగ్’లోకి దిగుతారు. సీతారాములో హనుమంతుడో ఉండి, 1616 అనో 1818 అనో తేదీ వేసిన కంపెనీ అణా ఒకటి సంపాదించండి. కంపెనీ అలాంటిది ఎన్నడూ కొట్టలేదన్న సంగతి పక్కన పెట్టండి. బియ్యపుగింజలు దాన్ని చూసి పరుగెత్తుకొస్తాయట (గింజల్లో ఇనుపరజను, అడుగున అయస్కాంతం ఉంటే నా పాత చెప్పు దగ్గరికైనా వస్తాయి). ఇక్కడి మాటలు వేరు: ‘పవర్’ ఉంది, ‘పార్టీ’ రెడీ, ‘సైంటిస్టు’ సూటు వేసుకుని వస్తాడు, ‘టెస్టింగ్ ఫీజు’ మాత్రం మీరే కట్టాలి. కోట్లొచ్చే బేరానికి రెండు లక్షలు లెక్కా? పుస్తెలతాడు తాకట్టు పెట్టయినా కట్టండి. ఆ తర్వాత పార్టీ ఫోను పలకదు, పవర్ బాగా ఎక్కువైందని అర్థం చేసుకోవాలి.

పాత నాణేల బేరాలతో తనకు సంబంధం లేదనీ, కమిషన్లు అడగననీ, తన పేరు చెప్పి వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. అయినా దాని ముద్రతో వాట్సాప్‌లో ఉత్తరం వచ్చిందంటే కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు. మీరూ కట్టేసి ఉంటే 1930 గుర్తుపెట్టుకోండి. అది నాణెం మీది సంవత్సరం కాదు, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే ఫోను నంబరు.