మురిగిపోయిన నోటు, మురిసిపోయిన బావగారు

అప్పు ఎగ్గొట్టినవాడు వచ్చే జన్మలో ఇచ్చినవాడి ఇంట ఎద్దై పుట్టి, అరక లాగి బాకీ తీర్చుకుంటాడని పల్లెల్లో పెద్దలు నమ్మేవారు. గడువు ఊసే లేదు. ఒక జన్మ చాలకపోతే రెండో జన్మ. ఇప్పుడా భయం అక్కర్లేదు, 1963 నాటి కాలపరిమితి చట్టం ఉంది. ప్రామిసరీ నోటుకి మూడేళ్లు. అవి దాటితే కాడి ఇచ్చినవాడి మెడ మీదికే వస్తుంది.

ఈ మూడేళ్లనూ కొందరు ఏకాదశి ఉపవాసం కంటే నిష్ఠగా పాటిస్తారు. ఓపిక పడితే అప్పు దానంతటదే చస్తుందన్నది వీళ్ల సిద్ధాంతం. సాధనకు పెద్ద సామగ్రి కూడా అక్కర్లేదు, మొహమాటస్తుడైన బంధువు ఒక్కడు చాలు. ఇద్దరూ ఒకరినొకరు బావగారనే పిలుచుకుంటారు. తేడా అల్లా నోటు మీద సంతకం ఎవరిదన్నదే. మొదటి ఏడు "మిర్చి యార్డుకి చేరగానే ఇచ్చేస్తా బావగారూ" అంటాడు. రెండో ఏడు మిర్చి ధర పడిపోతుంది. మూడో ఏడు పిల్ల పెళ్లి. శుభమా అంటూ పెళ్లి జరుగుతుంటే బాకీ మాట ఎలా ఎత్తుతాం? ఇచ్చిన బావగారు ఎదురు చదివింపులు చదివించి, భోంచేసి, తాంబూలం పుచ్చుకుని ఇంటికొస్తారు. ఆ తర్వాత ఒక శుభోదయాన అవతలి బావగారే పరామర్శిస్తారు: "నోటు మురిగిపోయిందటగా బావగారూ, ముందే ఒక మాట చెప్పకపోయారా!"

ఇచ్చినవారి లెక్క ఎప్పుడూ ఒకే చోట తప్పుతుంది. పోయిన నెల గట్టిగా అడిగితే లేదు పొమ్మన్నాడు కనుక అప్పట్నుంచి మూడేళ్లు అనుకుంటారు. మీరు కోరినప్పుడు చెల్లించగలవాడనని రాసిన నోటుకి గడువు నడిచేది కోరిన రోజు నుంచి కాదు, రాసిన రోజు నుంచి. ఒక్క రోజు ఆలస్యమైనా మన్నించే వీలు జడ్జికి లేదు. అప్పీళ్ల విషయంలో ఉన్న ఆ దయ దావాల విషయంలో లేదు. ప్రతివాది నోరు విప్పకపోయినా సరే, గడువు దాటిన దావాను కొట్టెయ్యాల్సిందేనని మూడో సెక్షన్ కోర్టుకే పురమాయించింది. కాబట్టి బాకీదారుడికి అబద్ధమాడే శ్రమ కూడా తప్పింది. దొరికే కనికరం ఒక్కటే: వేసవి సెలవుల్లో గడువు తీరితే కోర్టు తెరిచిన రోజున దావా వెయ్యొచ్చు.

మందు లేదా అంటే ఉంది, చవకది కూడా. గడువు లోపల ఓ వంద రూపాయలు జమ కట్టించుకుని, నోటు వెనక ఆ సంగతి రాసి బాకీదారుడి చేత సంతకం పెట్టిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. (జమ తానే రాసుకుని సంతకం లేకుండా ఊరుకుంటే ఆ రాత దాచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.) కానీ అయినవాడి ముందు కలం పెట్టి "ఇక్కడొక సంతకం" అనడం మర్యాదస్తుల లక్షణం కాదు కదా! లక్ష రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు వణకని చెయ్యి, కలం జేబులోంచి తియ్యడానికి వణుకుతుంది.

వడ్డీ వ్యాపారికి ఈ మొహమాటం ఏనాడూ లేదు. వడ్డీ ఏళ్ల తరబడి పేరుకుపోకుండా ఆపాలని 1859లో తెల్లదొరలు పత్రాలకి మూడేళ్ల గడువు పెట్టారు. దక్కన్ సాహుకార్లు ఏం చేశారంటే, మూడేళ్లకోసారి తీరని వడ్డీని అసలులో కలిపి రైతు చేత కొత్త పత్రం రాయించుకున్నారు. 1875 మే నెలలో పూనా జిల్లా సూపాలో రైతులు తిరగబడి, వాళ్ల ఖాతా పుస్తకాలూ పత్రాలూ తగలబెట్టారు. పత్రాలు కాలాయి గానీ పద్ధతి కాలలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, ఏమీ కట్టకపోతే, మూడేళ్లకు లక్షా 72 వేల నోటవుతుంది. ఇంకోసారి తిరగరాస్తే ఆరేళ్లకు దాదాపు మూడు లక్షలు. బ్యాంకువాళ్లూ గడువు దగ్గర పడగానే రివైవల్ లెటర్ పట్టుకుని వచ్చి సంతకం చేయించుకుపోతారు. ఇక సర్కారువారు దావా వెయ్యాలంటే వారికి 30 ఏళ్లు. వెరసి మూడేళ్ల కత్తి తెగేది మొహమాటస్తుడి మెడ మీదే.

మురిసిపోయే బావగారు కూడా కాస్త ఆగాలి. గడువు దాటితే మూసుకునేది కోర్టు తలుపు. బాకీ బాకీగానే ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, మురిగిన బాకీనైనా తీరుస్తానని కాగితం మీద రాసి సంతకం పెడితే దానికి మళ్లీ ప్రాణం వస్తుంది. రెండు బాకీలున్నవాడు ఏ బాకీ కిందో చెప్పకుండా అయిదు వేలు చేతిలో పెడితే, పుచ్చుకున్నవాడు వాటిని మురిగిన నోటుకే జమ వేసుకోవచ్చు. కొవిడ్ పుణ్యమా అని సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడువు లెక్కలోంచి తీసేసింది. 2020 ఏప్రిల్లో నోటు మురుగుతుందని వేళ్లు మడుచుకుంటూ కూర్చున్నవాళ్లకి ఆ వ్రతం 2022 మే నెలాఖరుదాకా సాగింది. ఉద్యాపన వాయిదా పడటమంటే అదే.

మరి మొహమాటం చంపుకుని, గడువులోపే దావా వేసి గెలిచిన బావగారి సంగతి? డిక్రీ అమలుకు 12 ఏళ్ల వ్యవధి ఉంది. అవతలివారికి ఐపీ ఉంది. 1920 నాటి ఆ దివాలా చట్టం కింద అర్జీ పెట్టుకోవడానికి 500 రూపాయల అప్పులు చాలు! అంత బీదవాళ్లం కామని సిగ్గుపడి ఐపీ పెట్టడం మానినవాడు ఇంతవరకు తారసపడలేదు. అదీ దాటి, ఉండి కూడా ఎగ్గొడుతున్నాడని రుజువు చేయగలిగితే సివిల్ జైలు. నిజంగా లేనివాణ్ణి పంపడానికి వీల్లేదని 1980లోనే సుప్రీంకోర్టు తేల్చింది. జైల్లో అతగాడి తిండి ఖర్చు, అంటే బత్తా, నెలనెలా ముందుగా కట్టాల్సింది అప్పిచ్చినవాడే. కట్టడం మానితే అల్లుడిలా ఇంటికి పంపేస్తారు. కట్టిన బత్తా దావా ఖర్చుల్లో కలుస్తుంది గానీ, దాని కోసం అతన్ని మళ్లీ అరెస్టు చేయించడానికి లేదు. మొత్తానికి అదొక కొత్త చేబదులు, ఈసారి నోటు కూడా లేకుండా.