మా రోజుల్లో కుంపటి నిప్పు కూడా వృథా పోయేది కాదు

ఒరేయ్ అబ్బాయ్, సీతమ్మధార రైతుబజారు మీ ఫ్లాటుకి కూతవేటు దూరం. నాలుగు వంకాయలకీ ఒక కొత్తిమీర కట్టకీ ఫోన్లో ఆర్డరు పెడతావు. ఎవరి బిడ్డో ఎండలో బండేసుకుని పరిగెత్తుకొస్తాడు. వంకాయలకో కవరు, కొత్తిమీరకో కవరు, రెండూ కలిపి పెట్టడానికి ఇంకో కవరు! మా ఇంట్లో తలుపు వెనక మేకుకి గుడ్డసంచి వేలాడేది. నాన్నగారి పాత పంట్లాం కోసి అమ్మ కుట్టింది. చిరిగితే మాసిక వేసేది, మాసిక కూడా నిలవకపోతే అది మసిగుడ్డ అయ్యేది.

ఆవిడ కుంపటి సంగతి చెప్పాలి నీకు. రాత్రి వంటయ్యాక మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి, పాలగిన్నె పెట్టేది. తెల్లారేసరికి మీగడ మందంగా కట్టేది. నిప్పు ఊరికే ఆరిపోతే ఆవిడకి మనసొప్పేది కాదు. ఆ పొగకి కళ్లు మండేవి, దగ్గు వదిలేది కాదు. గ్యాసు బండ వచ్చినరోజు అమ్మంత సంతోషించినవాళ్లు వీధిలో లేరు, ఆ మాటా చెప్పాలి.

మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ చేసేదీ అమ్మ పనే. ఎర్రగా కాలి బయటికొచ్చిన కోకు బొగ్గు మీద నీళ్లు కుమ్మరించడం పాత పద్ధతి. వేడంతా ఆవిరై గాల్లో కలుస్తుంది. ఇక్కడ నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితోనే ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. బ్లాస్టు ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం మేము. ఉత్తినే రాలేదురా ఆ ఫ్యాక్టరీ. 1966లో ఉద్యమం చేస్తే 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరమ్మ శంకుస్థాపన చేసింది. ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసి భూములిచ్చారు జనం. ఉద్యోగమిస్తామని వాళ్ల చేతికి ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఇప్పటికీ ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. వేడి పోకుండా పట్టుకునే యంత్రం దొరికింది, ఇచ్చిన మాట పట్టుకునే యంత్రం ఎక్కడా దొరకలేదు.

వృథా చేయకపోవడమే కాదు, పంచుకోవడమూ తెలుసు మాకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి. చెట్లు మొదలంటా కూలిపోయాయి, కొండలు బోడిగుండ్లయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటారు లేకపోతే నీళ్లూ లేవు. మా వీధిలో ఒక్క ఇంట్లో పాత నుయ్యి పూడ్చకుండా ఉంచారు. ఆ ఇంటావిడ గేటు తీసిపెట్టి, ముందు పసిపిల్లలున్నవాళ్లకి, తర్వాత అందరికీ అని వరస పెట్టింది. ఇంటికి రెండు బిందెలు. ఎవరూ మూడో బిందె అడగలేదు. ఇప్పుడు పక్క ఫ్లాటులో ఎవరుంటున్నారో నీకు తెలుసా?

మంచి పని చేస్తే మంచిదే అంటాను. ముడసర్లోవ జలాశయం నీళ్ల మీద 2018లో సోలార్ పలకలు తేలేలా పరిచారు, రెండు మెగావాట్లు. ఎవరి పొలమూ పోలేదు, పలకల నీడన నీళ్లూ తక్కువ ఆవిరవుతాయి. చూసి ముచ్చటేసింది. అయితే ఆ కరెంటంతా ఎక్కడికి పోతోందీ? కిటికీలు బిగించి, పదహారులో ఏసీ పెట్టి, దుప్పటి కప్పుకుంటావు! సముద్రపు గాలి అంత దగ్గరలో పెట్టుకుని!

ఇంక గూగుల్ డేటా సెంటర్ వస్తోందని తెగ సంబరపడుతున్నావు. 2025 అక్టోబర్లో ప్రకటించారు, 1500 కోట్ల డాలర్లు, ఒక గిగావాటు. ఒక గిగావాటంటే ముడసర్లోవలాంటివి ఐదువందలు. రానీ, ఉద్యోగాలొస్తే మీ ఈడు పిల్లలు బెంగళూరు రైలెక్కక్కర్లేదు, నాకూ కావలసిందదే. కానీ ఎండాకాలం మన వీధిలోకే నీళ్ల ట్యాంకరొస్తుంది. నేనడిగితే ముసలాడి చాదస్తం అంటారు, ఇంజినీరింగ్ చదివావు, నువ్వడుగు. ఆ సెంటర్ ఎన్ని నీళ్లు తాగుతుంది, అవి ఎవరి వాటాలోంచి వస్తాయి, ఆ యంత్రాల వేడి ఏం చేస్తారు, భూమిచ్చినవాడి కొడుక్కి లోపల ఏం పనిస్తారు. జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకో. కాగితమంటే ఆర్ కార్డువాళ్ల చేతిలోనూ ఉంది. అందుకని దాని మీద గడువు తారీఖు కూడా వేయించు.