పదమూడో టిక్కు

నా కుడి కనుబొమ్మ ఎడమదానిలో సగమే ఉంటుంది. ఆఫీసులో అడిగినవాళ్ళకి మంగలి చెయ్యి జారిందని చెప్పాను. ఆ మాట అతని చెవిన పడింది. మొన్న నా గడ్డం సగం గీసి ఆపేసి, "మీ కనుబొమ్మ నానెప్పుడు గీసినాను బావూ?" అని నిలదీశాడు. పీక మీద కత్తి ఉండగా ఎవరడిగినా నిజమే వస్తుంది. అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ పడిపోయాయి. మా అత్తవారి ఊరు ఆ పక్కనే. కరెంటు రోజుల తరబడి రాలేదు. అంతకుముందు ఏడాది నేను "ఇక మీకు గ్యాసుతో పనిలేదత్తయ్యా" అంటూ కొనిచ్చిన ఇండక్షన్ పొయ్యి మీద ఆవిడ ఆ రోజుల్లో తడిబట్టలు ఆరేసుకున్నారట. పెద్ద సిలిండరేమో సరిగ్గా తుఫాను ముందురోజే అయిపోయింది. ఆ అవమానం కడుక్కోవడానికి 5 కిలోల సిలిండరూ, ఒంటి బర్నర్ స్టవ్వూ కొన్నాను. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్ళు ఆ బుల్లి సిలిండరుకి ఛోటూ అని పేరు పెట్టారు గానీ, మా ఇంట్లో దానికి అప్పటికే చంటోడని పేరు.

తుఫాను కోసం కొన్న చంటోడు కార్తీక వనభోజనాలకి అలవాటు పడ్డాడు. ఏటా మా మకాం శాలిహుండం కొండ కింద, వంశధార ఒడ్డున ఒక తోటలో. కొండ మీద బౌద్ధస్తూపాలు, కింద మా పులిహోర. కళింగపట్నం సముద్రం దగ్గరే కాబట్టి గాలికి లోటు లేదు. ముందటేడు అక్కడ ఉసిరిచెట్టు కింద చంటోణ్ణి దింపి చూస్తే లైటరు లేదు. అది విజయనగరంలో మా వంటింటి గూట్లో భద్రంగా ఉంది. సంచి సర్దింది నేనే. ఎవరి దగ్గరో అగ్గిపెట్టె దొరికింది. నేను గీసిన ప్రతి పుల్లనీ గాలి ఊదేసింది. పెట్టె ఖాళీ అయ్యింది, స్టవ్ వెలగలేదు. ఆ పూట మా బావమరిది ఎక్కడినుంచో కొబ్బరిమట్టలు ఈడ్చుకొచ్చి రాళ్ళపొయ్యి పెట్టాడు. అన్నానికి పొగవాసన బాగా పట్టింది, అందరూ లొట్టలేసుకుని తిన్నారు. అది నాకు ఇంకా బాధ.

మరిచిపోవడం మానుకోవాలని ఇంకొకడైతే అనుకుంటాడు. లైటర్ని స్టవ్‌కే బిగించేస్తే మరిచిపోయే అవకాశమే ఉండదు కదా అని నేను అనుకున్నాను. బటను నొక్కగానే భగ్గున వెలగాలి. బజార్లో అలాంటి స్టవ్వులు బోలెడున్నాయని మా ఆవిడ అంది. కొనుక్కుంటే నా గొప్పేముంది?

గంటస్తంభం దగ్గర సందులో స్టవ్వులు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. నా ఆలోచన విని చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. "లైటరు 60 రూపాయలకొస్తాది కదా బావూ, మళ్ళీ ఈ బటనేటి?" అన్నాడు. ఇక్కణ్ణించి కోట వైపు నాలుగడుగులు వేస్తే, గురజాడవారి గిరీశం మొట్టమొదట నోరు విప్పిన బొంకులదిబ్బ వస్తుంది. ఆ గాలి ఈ సందుదాకా వీస్తుందనుకుంటాను. నాకు పూనకం వచ్చింది.

"చూడు నాయనా, 1880లో ఫ్రాన్సులో ఇద్దరన్నదమ్ములు, జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ అని..." అంటూ మొదలెట్టాను. కొన్ని స్ఫటికాల్ని నొక్కితే కరెంటు పుడుతుందని వాళ్ళు కనిపెట్టారు. లైటర్లో ఉన్నదీ ఆ కిటుకే. మనం బొటనవేలితో నొక్కితే లోపల స్ప్రింగు ముడుచుకుంటుంది, ఒక హద్దు దాటగానే తెగబడి చిన్న సుత్తిని స్ఫటికం మీదికి విసురుతుంది. టిక్కు అనే చప్పుడు ఆ సుత్తిదెబ్బే. ఆ దెబ్బకి వేల వోల్టులు పుడతాయి. బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఎన్ని తిత్లీలు వచ్చినా ఫరవాలేదు. అంతా విని ఆయన తెల్లటి పింగాణీ తొడుగున్న ఇనపపుల్ల ఒకటి చేతిలో పెట్టి 80 రూపాయలు తీసుకున్నాడు. గిరీశానికైనా ఆ రోజుల్లో బేరం ఇంతకన్నా లాభంగా ఉండేది.

అదే ఉపన్యాసం ఇంట్లోనూ ఇచ్చాను. క్యూరీ సోదరులు పరీక్షించినవాటిలో పంచదార స్ఫటికం కూడా ఉందని చెప్పడం నా పొరపాటు. "అయితే పంచదార డబ్బాకి పెట్టుకోండి బటను, నా స్టవ్ జోలికెందుకు?" అంది మా ఆవిడ.

సిలిండరు విప్పి పెరట్లో దూరంగా పెట్టి పని మొదలెట్టాను. ఈ మొత్తం కథలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే, గుర్తుపెట్టుకోండి. లైటరు గొట్టం కోసి, సుత్తీ స్ఫటికమూ ఉన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క బయటికి తీశాను. స్టవ్ అంచుకి డ్రిల్లుతో బెజ్జం వేసి దాన్ని దిగేశాను. అక్కణ్ణించి, బర్నర్ పక్కన నిలబెట్టిన ఇనపపుల్లకి ఒక తీగ లాగాను. రెండో తీగ అక్కర్లేదు, బర్నర్ ఇనుమే రెండో తీగ. నొక్కాను. టిక్కు అంది. బర్నర్ దగ్గర ఏమీ లేదు. స్టవ్ అడుగున పట్టుకున్న నా ఎడమచేతికి మాత్రం తేలు కుట్టింది.

మామూలు కరెంటు తీగ వేశాను కదా, వేల వోల్టులు దాని తొడుగుని లెక్కచెయ్యకుండా దారిలోనే బయటపడి, దగ్గర్లో ఉన్న నన్ను చూసుకుని దూకాయి. చంపేంత సత్తా దానికి లేదు, ఎగిరి పడేంత ఉంది. సిలికాన్ తొడుగున్న మందపాటి తీగ మార్చాను. ఈసారి నన్ను వదిలేసింది, బర్నర్నీ వదిలేసింది. సందు ఎక్కువైపోయిందట. పొడిగాలిలో నిప్పురవ్వ ఒక మిల్లీమీటరు దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. పుల్లకీ బర్నర్‌కీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు, అంటే పెసరగింజ పట్టేంత సందు ఉండాలి. నేను కందిగింజా శనగగింజా పక్కపక్కన పెట్టేంత ఉంచాను. ఆ పుల్లని వంచబోతే పింగాణీ పుటుక్కుమంది. మళ్ళీ గంటస్తంభం, మళ్ళీ 80. మూడోసారి వెళ్ళేసరికి ఆయన నన్ను చూడగానే పుల్ల తీసి బల్ల మీద పెట్టి, "ఇంకేటి బావూ, ఆ అన్నదమ్ములు బాగున్నారా?" అని అడిగాడు.

ఇన్ని తంటాలు పడ్డాక ఒక రాత్రి చీకట్లో నీలిరంగు రవ్వ సరిగ్గా బర్నర్ రంధ్రం మీద మెరిసింది. మా ఆవిణ్ణి నిద్రలేపి చూపించాను. "బావుంది, పడుకోండి" అంది. మర్నాడు సిలిండరు బిగించి నొక్కితే వెలిగింది కూడా. రెండో రోజు వేడికి ఆ తెల్లముక్క మెత్తబడి జారిపోయింది, బర్నర్‌కి మరీ దగ్గర పెట్టానన్నమాట. స్ఫటికం కూడా ఒక హద్దు దాటి వేడెక్కితే సత్తువ పోగొట్టుకుంటుంది. ఆ హద్దుకి క్యూరీ ఉష్ణోగ్రత అనే పేరు. పెంచినవాడి పేరే చంపేదానికీ పెట్టారు. ఇంకో లైటరు కోసి, ఈసారి దూరంగా బిగించాను.

మరుసటి ఏడు కార్తీకానికి ఏదీ మరిచిపోలేదు. పైగా గాలి తగలకుండా నూనెడబ్బా రేకు కోసి స్టవ్ చుట్టూ తడిక కూడా కట్టాను. ఉసిరిచెట్టు కింద పాతికమంది చుట్టూ నిలబడ్డారు. మొదటి టిక్కుకే వెలిగింది! మా బావమరిది కొడుకు "మావయ్యా, మళ్ళీ మళ్ళీ!" అని గంతులేశాడు. నేను ఛాతీ విరుచుకుని నాలుగుసార్లు ఆర్పి వెలిగించాను. తర్వాత పప్పు ఎక్కించారు.

పప్పు పొంగింది.

పొంగి, బర్నర్ ఆర్పి, పింగాణీ పుల్ల మీద పసుపుపచ్చగా పేరుకుంది. తడిసిన పింగాణీ మీద కరెంటు పాకుతూ పక్కదారి పడుతుంది, రవ్వ రాదు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు మాత్రం పాతికమంది చూస్తుండగా నాబ్ తిప్పి పెట్టి, వంగి, టిక్కు, టిక్కు, టిక్కు అని కొడుతూ కూర్చున్నాను.

"బావా, ఎలుగుతాదేటి?" అన్నాడు బావమరిది.

"ఉండవయ్యా!"

మధ్యలో కుళ్ళిన ఉల్లిపాయ వాసన తగిలింది. కార్తీకమాసం, ఉల్లీ వెల్లుల్లీ లేని వంట, ఈ వాసన ఎవరు తెచ్చారా అని నాకు కోపం కూడా వచ్చింది. వంటగ్యాసుకి తనదంటూ వాసన లేదు, కారితే తెలియాలని మెర్కాప్టాన్ కలుపుతారు, దాని వాసన ఇలాగే ఉంటుంది. నెల్లాళ్ళు క్యూరీల గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషికి ఆ క్షణాన ఇది తట్టలేదు. గ్యాసు గాలికంటే బరువు. నేను కట్టిన రేకుతడికలో అది కుండలో నీళ్ళలా నిండుతోంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం దాకా కలిస్తే చాలు, అంటుకోవడానికి రవ్వ ఒక్కటే తక్కువ. పన్నెండు టిక్కులయ్యేసరికి బర్నర్ వేడికో, గాలికో పింగాణీ కాస్త ఆరింది.

పదమూడో టిక్కుకి భుగ్గుమంది. కనుబొమ్మ సంగతి మీకు తెలుసు.

అప్పటిదాకా చెట్టుకి చేరబడి కూర్చున్న మా ఆవిడ పెద్దమ్మ లేచొచ్చింది. ఆవిడది అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. దానివల్ల అంగుడు పాడవుతుందని డాక్టర్లు మొత్తుకుంటున్నా మా వైపు ముసలమ్మలు కొందరు ఇంకా మానలేదు. అగ్గిపెట్టె లేకుండా ఆవిడ గడప దాటదు. మాట్లాడకుండా నాబ్ కట్టేసింది. నా రేకుతడిక పీకి వంశధార వైపు విసిరింది. కొంగుతో కాసేపు విసిరి, గాలికి ముఖం పెట్టి వాసన చూసి, రెండు అరచేతుల మధ్య పుల్ల గీసింది. ఆ సముద్రగాలిలో ఆ మంట రెప్ప కూడా వెయ్యలేదు. దాన్ని బర్నర్ దగ్గర పెట్టి, అప్పుడు నాబ్ తిప్పమని నాకు చెప్పింది.

"నిప్పు ముందు, గేసు ఎనక. తెల్దేటి బావూ?"

ఇంటికొచ్చాక మా ఆవిడ కాగితం కలం తీసుకుంది. లైటర్లు రెండు 120, ఇనపపుల్లలు మూడు 240, తీగ 60, డ్రిల్లు ముక్క 90, ఎం-సీల్ 30, పాడుచేసిన బర్నర్ 250, ఆటోలు 110, కనుబొమ్మకి మందు 95, గంటస్తంభం దగ్గర టీలు 15. మొత్తం 1,010. 2021 డిసెంబరు నుంచీ అగ్గిపెట్టె 2 రూపాయలు. అంటే 505 పెట్టెలు. పెట్టె పదిరోజులొచ్చినా పదమూడేళ్ళు దాటి చాలునని తేల్చి, ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పాలవాడు కూడా చదివాడు.

బటను తీసెయ్యలేదు. పొడిగా ఉన్న రోజుల్లో పనిచేస్తుంది. వచ్చే వనభోజనాలకి మాత్రం సంచి మా ఆవిడే సర్దుతానంది, పెద్దమ్మకి బస్సులో కిటికీ పక్క సీటు నా ఖర్చు.

మీ ఇంట్లో గ్యాసు వాసన వస్తే నాబ్ కట్టేసి, కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. బటను బిగించాలనిపిస్తే నాకు చెయ్యకండి. ఫోను మా ఆవిడ ఎత్తుతుంది.